కోరానికి ఒకరు తక్కువ

కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తురాక, ఆమె గరిటె చివర ఉన్న పులుసు అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుంటుండగా భర్త ఫోను మోగింది. పొద్దున్నపూట ఆ ఫోను ఉండేది వంటింటి గట్టు మీదే. దాన్ని అక్కడ పెట్టేసి ఆయన స్నానానికి వెళ్తాడు.

"సార్ ఉన్నారా అండీ?"

"స్నానం చేస్తున్నారండీ. చెప్పండి."

"లిఫ్టు ఆగిపోయిందండీ. లోపల మా అత్తగారున్నారు."

ఆమె పొయ్యి మంట తగ్గించింది. లిఫ్టు మెకానిక్ నంబరు ఆమెకు నోటికొచ్చు. తన పుట్టింటి నంబరైనా ఫోన్లో వెతుక్కుంటుంది గానీ, అతని నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అతనికి ఫోను చేసి, తలుపు వెనక మేకుకి వేలాడే లిఫ్టు గది తాళంచెవి తీసుకుని, మెట్లు దిగి, లిఫ్టు తలుపు సందులో నోరు పెట్టి, "పిన్నిగారూ, భయపడకండి, వస్తున్నాడు. కింద కూర్చోండి, ఫరవాలేదు, నిన్ననే తుడిపించాను" అని ధైర్యం చెప్పింది. మెకానిక్ వచ్చి పిన్నిగారిని బయటికి లాగేదాకా అక్కడే నిలబడి ఆవిడ మోకాళ్ల నొప్పుల చరిత్రంతా వింది. తిరిగి ఇంటికొచ్చేసరికి కూర అడుగంటింది. భర్త అప్పటికే తల దువ్వుకుని, సెంటు కొట్టుకుని, బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఏంటీ మాడు వాసన?"

"లిఫ్టు ఆగిపోయిందండీ. ఇప్పుడు తిరుగుతోంది."

"అవునా? మంచిది. లిఫ్టు బాగుచేయించామని గ్రూపులో ఓ ముక్క పెట్టు. నా ఫోన్లోంచే పెట్టు, నీ ఫోన్లోంచి పెడితే బావుండదు."

ఆమె ఎడమచేత్తో గిన్నె తోముతూ కుడిచేతి బొటనవేలితో టైపు చేసింది. 'లిఫ్టు సమస్య తక్షణమే పరిష్కరించబడింది. ఇట్లు, అధ్యక్షుడు.' నిమిషం తిరక్కుండానే దండాలూ చప్పట్లూ వరసకట్టాయి. 'మీలాంటి అధ్యక్షుడు దొరకడం మా అదృష్టం' అని రాశాడు పళ్ల డాక్టరు. ఆయన ఆ భవనంలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాడు. ఒక్క మీటింగుకూ రాలేదు.

ఆమె కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేసి, అక్షరాలు చదివించి, చూపు ఎంత తగ్గిందో చెప్పే పని. రోజంతా ఇతరుల కళ్లు చూసి, సాయంత్రం వచ్చి ఇల్లు చూసుకుని, మధ్యలో పద్దెనిమిది వాటాల భవనాన్ని కూడా ఆమే చూసుకుంటోందన్న సంగతి మాత్రం ఎవరి కంటికీ ఆనలేదు. ట్యాంకు కడిగించేదీ ఆమే, మెట్ల మీద బల్బు మాడిపోతే మార్పించేదీ ఆమే, చెత్త తీసుకెళ్లే మనిషి రాకపోతే బతిమాలుకునేదీ ఆమే. మూడేళ్ల కిందట ఆ పదవికి ఎవరూ ముందుకు రాకపోతే భర్త, 'సరే, సమాజసేవ అనుకుంటాను' అని లేచి నిలబడ్డాడు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. ఆ చప్పట్లతో తన మెడకేం చుట్టుకుందో తెలిసేసరికి ఆలస్యమైంది.

"వాడు ఇంటాబయటా ఎంత కష్టపడతాడో" అని అత్తగారు అప్పుడప్పుడూ నిట్టూరుస్తుంది. ఆవిడ కోడలిని పల్లెత్తు మాట అనదు. అలాగని కొడుకుని కూడా ఏమీ అనదు. హాల్లో కిటికీ పక్కన కూర్చుని అందరినీ సమానంగా చూస్తూ ఉంటుంది, అంతే.

అసలు గొడవ వీళ్ల స్నానాలగదిలో నేల కింది పైపు కారడంతో మొదలైంది. ఆ నీళ్లు వీళ్ల ఇంట్లో కనబడలేదు. కింది ఇంట్లో కనబడ్డాయి. కింద ఉండేది దర్జీ అక్క. భర్త పోయాక కుట్టుమిషను మీదే ఇద్దరు పిల్లల్ని చదివించి, ఆ మిషను మీదే ఆ ఇల్లు కొనుక్కున్న మనిషి. ఓ సాయంత్రం ఆవిడ పైకొచ్చి, "చెల్లెమ్మా, ఒకసారి కిందికి రాగలవా" అంది. కుట్టుగదిలో, కుట్టి మడతపెట్టిన బట్టల మీద, పైకప్పు నుంచి చినుకులు పడుతున్నాయి. బియ్యప్పిండి రంగు పట్టు జాకెట్టు మీద తుప్పు మరక, అరచేయంత.

"దాని ఓనరు రేపొస్తుంది" అంది దర్జీ అక్క. ఆవిడ గొంతులో కోపం లేదు. అది ఉంటే ఆమెకి తేలికగా ఉండేది.

ఆ రాత్రి అన్నం పెడుతూ ఆమె భర్తకి సంగతి చెప్పింది. నిరుడు ఆ భవనంలోనే ఉండే హెడ్మాస్టారి ఇంట్లో పైపు పగిలి ఆయన పైకప్పు దాకా చెమ్మ పాకినప్పుడు, అసోసియేషన్ బాగుచేయించాలని ఆయన అడిగితే, భర్త మీటింగులో చెయ్యి ఊపుతూ, "మాస్టారూ, గోడ లోపలిది మీది, గోడ బయటిది అందరిది. నియమం నియమమే" అన్నాడు. మాస్టారు నోరు మూసుకుని తన గోడ తానే పగలగొట్టించుకున్నాడు. అప్పటి నుంచీ మెట్ల మీద ఎదురుపడితే ఆయన ఈయనకి దారి ఇస్తాడు గానీ నవ్వడు.

"అయితే ఇది మన పైపేగా? మన స్నానాలగదిలోది" అంది ఆమె.

"అక్కడే నువ్వు పప్పులో కాలేశావు" అన్నాడు భర్త, ముద్ద కలుపుతూ. "పైపు మనదే. కానీ అది పోయేది నేలలోంచి. మన నేల ఆవిడకి పైకప్పు. ఒకే శ్లాబుకి రెండు పేర్లు. రెండు పేర్లున్నది ఎవరో ఒకరిది ఎలా అవుతుంది? అందరిదీ అవుతుంది."

"మరి హెడ్మాస్టారిది?"

"అది నిలువు. ఇది అడ్డం."

ఆమె మజ్జిగ పోసింది. వారం రోజులు పనికి వెళ్లే ముందు ఓసారి, వచ్చాక ఓసారి కిందికి దిగి దర్జీ అక్క బకెట్టు తనే ఒలకబోసి వచ్చింది. తన ఇంటి నీళ్లని తనే బకెట్టులో మోస్తుంటే ఆమెకి నవ్వొచ్చేది, వెంటనే సిగ్గేసేది. దర్జీ అక్క బట్టలన్నీ మంచం మీదికి మార్చి, తను కుర్చీలో పడుకుంటోంది.

చివరికి భర్త ఆదివారం సర్వసభ్య సమావేశం పెట్టాడు. అడ్డంగా పోయే పైపులన్నీ ఉమ్మడివేనని అందులో తీర్మానం చేయించాలని ఆయన ఆలోచన. అది కావాలంటే కోరం ఉండాలి, అంటే సగం మంది ఓనర్లు రావాలి. "నువ్వు ఒకసారి ఇల్లిల్లూ తిరిగి చెప్పిరా. నువ్వు చెబితే కాదనరు" అన్నాడు. ఆమె చెప్పులేసుకుని బయల్దేరింది.

ఇల్లిల్లూ తిరగడమంటే ఆ భవనంలో అదో చదువు. ఒకాయన తలుపు సందులోంచి, "మాకేం సమస్యల్లేవండీ, మేమెందుకు?" అన్నాడు, వెనక ఆయన కుళాయి ధారగా కారుతూనే ఉంది. ఇంకొకాయన, "టీ ఉంటుందా?" అన్నాడు. పళ్ల డాక్టరు, "నేను మనస్ఫూర్తిగా మీ వెంటే" అన్నాడు. "మనసు వద్దండీ, మనిషి కావాలి" అంది ఆమె. అది ఎలా నోట్లోంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. పళ్ల డాక్టరు భార్య లోపల్నుంచి ఫక్కున నవ్వి, "వస్తారులెండి, నేను తోలుకొస్తాను" అంది.

ఆదివారం సాయంత్రం వాళ్ల హాలు నిండింది. వంటింట్లో ఆమె పెద్ద గిన్నెతో టీ పెట్టింది. హెడ్మాస్టారి భార్య సాయానికొచ్చి కప్పులు తుడుస్తోంది. హాల్లోంచి భర్త గొంతు గంభీరంగా వినబడుతోంది. అది ఆయన అధ్యక్షుడి గొంతు. ఇంట్లో సాక్సులు కనబడనప్పుడు వాడే గొంతు వేరు.

"తొమ్మిది మంది ఉన్నాం. కోరం ఉంది. మొదలుపెడదాం."

"ఒక్క నిమిషం" అన్నాడు హెడ్మాస్టారు. ఆయన లేచి నిలబడ్డ చప్పుడు. మోకాళ్లు ముందు లేచి, తర్వాత ఆయన లేస్తాడు. "నియమం నియమమే అని మీరే అన్నారు. అందుకని ఈ ఏడాదంతా మన నియమాల పుస్తకం చదివాను. ఓనర్లే లెక్కలోకి వస్తారు. ఓనర్లే పదవిలో ఉండాలి."

"అవును, అందరం ఓనర్లమేగా."

"మీరు కాదుగా."

వంటింట్లో కప్పులు తుడిచే చప్పుడు ఆగిపోయింది.

"ఏంటి మాస్టారూ ఆ మాట?"

"మా అమ్మాయి ఇల్లు కొంటుంటే మీరే కదండీ సలహా చెప్పారు? ఆడవాళ్ల పేరు మీద కొంటే బ్యాంకువాళ్లు వడ్డీ తగ్గిస్తారు, నేను తెలివిగా మొత్తం మా ఆవిడ పేరనే పెట్టించాను, కాగితమ్మీద నా పేరు ఎక్కడా ఉండదు అని? ఇదే సోఫాలో కూర్చుని చెప్పారు."

అది నిజమే. ఇల్లు కొన్నప్పుడు భర్త ఆమెతో సంతకాలు పెట్టిస్తూ, 'ఇక్కడా, ఇక్కడా, ఇదిగో ఇక్కడ కూడా' అని వేలితో చూపించాడు. బయటికొచ్చాక ఐస్‌క్రీం కొనిచ్చాడు. ఆ తర్వాత ఆ ఇల్లు ఆయనది. గోడలకి ఏ రంగు వెయ్యాలో, పెద్ద గది ఎవరిదో, ఆమె అక్క వస్తే ఎన్నాళ్లుండాలో అన్నీ ఆయనే చెప్పేవాడు. ఓసారి ఆమె వరండాలో రెండు కుండీలు పెడతానంటే, 'నా ఇంట్లో చెమ్మ చేయకు' అన్నాడు. ఇల్లు తన పేరున ఉందన్న సంగతి ఆమె మరిచిపోలేదు. కానీ పెట్టెలో దాచిన పెళ్లిచీరలా అది ఉందని తెలుసు గానీ, కట్టుకోవచ్చని ఎప్పుడూ తోచలేదు.

"అయితే ఎనిమిదే" అన్నాడు పళ్ల డాక్టరు, లేవడానికి సిద్ధమవుతూ. "ఒకరు తక్కువ. కోరం లేదు. ఇంక వెళ్దామా?"

ఆమె అప్పటికే టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది. వేడి కప్పులు, రెండు చేతులూ నిండుగా ఉన్నాయి. అందరూ ఒక్కసారి తల తిప్పి ఆమెని చూశారు. ఆ హాల్లో మూడేళ్లుగా ఆమె టీ ఇస్తోంది. ఆమెని చూడడం మాత్రం వాళ్లకి అదే మొదలు.

"అమ్మా, మీరు కూర్చోండి" అన్నాడు హెడ్మాస్టారు, తనూ సోఫాలో కూర్చుంటూ. "మీరు కూర్చుంటే తొమ్మిది."

"టీ..."

"టీ తర్వాత."

"కూర్చో, కూర్చో" అన్నాడు భర్త, చెమటలు పడుతున్నా నవ్వు మొహంతో. "ఊరికే కూర్చుని, చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తు. నేను చెబుతాగా."

కూర్చోవడానికి వేరే కుర్చీ లేదు. ఖాళీ అయిన కుర్చీ ఒక్కటే ఉంది. దాంట్లోంచి ఇప్పుడే భర్త లేచాడు. ఆమె పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, ఎదురుగా ఖాళీ చేతులతో నిలబడ్డ మనిషి ఆయనొక్కడే కనబడితే, ఆయన చేతుల్లో పెట్టింది. పెట్టి కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. భర్త పళ్లెం పట్టుకుని నిలబడిపోయాడు. పక్కనున్నాయన అలవాటు కొద్దీ చెయ్యి చాపి ఓ కప్పు తీసుకున్నాడు. ఆ పక్కాయన, "చక్కెర తక్కువది ఏదండీ?" అని ఆయన్నే అడిగాడు. కిటికీ పక్కన అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గో నవ్వో తెలియలేదు.

తీర్మానం చదివారు. అడ్డంగా పోయే పైపులన్నీ ఉమ్మడివి. అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తాలి.

భర్త పళ్లెం మీదుగా ఆమెకి కనుబొమలు ఎగరేశాడు. ఆమెకి దర్జీ అక్క కనబడింది. ఆవిడ తలుపు దగ్గర కూర్చుని ఉంది, మీటింగుకి వచ్చినా చేతిలో సూదీ దారం వదలకుండా ఓ గుండీ కుడుతోంది. ఆ వేళ్లు అరిగిపోయి ఉన్నాయి. దుకాణంలో అయితే ఆమె ఎవరికీ అబద్ధం చెప్పదు. చూపు తగ్గితే తగ్గిందనే చెబుతుంది, వాళ్లు ఎంత నొచ్చుకున్నా.

"ఆ పైపు మాది" అంది.

"అంటే, మాది అంటే, మనందరిది" అన్నాడు భర్త.

"కాదు. మా ఇంట్లోది. అడ్డమో నిలువో నాకు తెలీదు. మా స్నానాలగదిలో పోసుకున్న నీళ్లు అక్కయ్య బట్టల మీద పడుతున్నాయి. మేమే బాగుచేయించుకుంటాం. పాడైపోయిన బట్టల సంగతి కూడా మేమే చూసుకుంటాం. మాస్టారికి ఒక న్యాయం, మాకో న్యాయం ఎందుకు?"

దర్జీ అక్క సూది ఆగింది. హెడ్మాస్టారు, ఏడాది తర్వాత మొదటిసారి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. పళ్ల డాక్టరు ఆ పళ్లవంక ఆందోళనగా చూశాడు. తీర్మానానికి ఒక్క చెయ్యీ లేవలేదు.

అక్కడితో అయిపోతే బావుండేది. కానీ హెడ్మాస్టారు ఉత్సాహం ఆపుకోలేక, "ఇప్పుడు అధ్యక్ష పదవి ఖాళీ అయింది. ఈ అమ్మాయినే ఎందుకు అనుకోకూడదు?" అన్నాడు. హాలంతా చప్పట్లు మోగిపోయాయి. తమ నెత్తిన పడనందుకు మనుషులు కొట్టే చప్పట్లు అవి, గట్టిగా, మనసారా.

"ఒప్పుకో" అని భర్త వంగి చెవిలో అన్నాడు. పళ్లెంలో కప్పులు గలగలమన్నాయి. "పేరుకి నువ్వుండు. పనులన్నీ నేను చూసుకుంటాను."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. అబద్ధమాడడం లేదు. మూడేళ్లుగా పనులన్నీ తనే చూసుకుంటున్నానని ఆయన మనసా వాచా నమ్ముతున్నాడు. ఆమెకి కోపం రావాల్సిన చోట జాలేసింది, జాలి మీద నవ్వొచ్చింది.

అయినా ఒక్క క్షణం ఆశ పుట్టింది. 'ఇట్లు, అధ్యక్షురాలు.' తన ఫోన్లోంచే పెట్టుకోవచ్చు. ఆ దండాలు తనకే వస్తాయి. తర్వాత ఆమెకి రేపు పొద్దున కనబడింది. అదే గట్టు, అదే గరిటె, ఒకటికి రెండు ఫోన్లు. కూర అప్పుడూ మాడుతుంది. కాకపోతే అధ్యక్షురాలి కూర మాడుతుంది.

"నాకొద్దండీ" అంది. "మూడేళ్ల నుంచీ లిఫ్టువాడితో, ట్యాంకువాళ్లతో, చెత్తమనిషితో మాట్లాడుతున్నది నేనే. మీ అందరి ఫోన్లూ ఎత్తింది నేనే. సార్ స్నానంలో ఉన్నారని మీకు ఎన్నిసార్లు చెప్పానో మీకే తెలుసు. ఆయన అన్ని గంటలు స్నానం చేసుంటే పాపం ఈపాటికి కరిగిపోయేవారు."

ఎవరో టీ మింగలేక దగ్గారు.

"ఇప్పుడే తెలిసింది నేను ఓనర్నని. కొన్నాళ్లు ఓనరుగా ఉండాలని ఉంది. ఓనర్లేం చేస్తారో ఇన్నాళ్లూ చూశాను. వస్తారు, కూర్చుంటారు, టీ తాగుతారు, ఒక ఫిర్యాదు చేసి వెళ్లిపోతారు. నాక్కూడా అది నేర్చుకోవాలనుంది."

ఖాళీ కప్పులు ఒక్కొక్కటే పళ్లెంలోకి చేరాయి. చివరికి పళ్ల డాక్టరు గొంతు సవరించుకుని, "అయితే మాస్టారే ఉంటే సరి. నియమాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు" అన్నాడు.

హెడ్మాస్టారు సర్దుకుని నిలబడేలోపే వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య గొంతు వచ్చింది. తుడిచే గుడ్డ భుజాన వేసుకుని ఉంది.

"ఉండనివ్వండి. కానీ ఆయన ఫోను ఆయనే ఎత్తుకోవాలి. నేను ముట్టుకోను. ఇప్పుడే చెబుతున్నా, తర్వాత చెప్పలేదనొద్దు."

"అదేంటే అందరిముందూ..."

"అందరిముందూ చెబితేనే గుర్తుంటుంది మీకు."

మాస్టారు పళ్ల డాక్టరు వైపు ఆశగా చూశాడు. పళ్ల డాక్టరు భార్య గోడకి ఆనుకుని, "మా ఇంట్లోనూ అదే మాట" అంది. ఒకళ్ల తర్వాత ఒకళ్లు, భర్తల్ని పిలుచుకెళ్దామని వచ్చి గుమ్మం బయట చెప్పుల మధ్య నిలబడ్డ ఆడవాళ్లందరూ ఆ మాటే అన్నారు. కాసేపటికి ఆ హాల్లో తన ఫోను తను ఎత్తుకోవలసి రాని మగవాడంటూ మిగల్లేదు. మాస్టారే అధ్యక్షుడయ్యాడు. లిఫ్టు ఒకరికి, నీళ్లు ఒకరికి, మెట్లూ దీపాలూ ఒకరికి అప్పగించారు. మొదటిసారి మీటింగు నుంచి జనం ఏదో మోసుకుంటున్నట్టు నెమ్మదిగా ఇళ్లకి వెళ్లారు.

అందరూ వెళ్లాక భర్త పళ్లెం వంటింట్లో పెట్టి వచ్చి, "నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోగా కిటికీ దగ్గర్నుంచి అత్తగారు, "పరువుదేముందిరా, ముందు పైపు బాగుచేయించు. నా గది కూడా చెమ్మగానే ఉంది. ఎవరూ అడగరు కాబట్టి చెప్పలేదు" అంది. ఆయన తల్లివంక, తన కుర్చీయే లేచి మాట్లాడినట్టు చూశాడు.

మరుసటి వారం స్నానాలగది తవ్వారు. దుకాణంలో సెలవు అడగనని ఆమె ముందే చెప్పేసింది, కాబట్టి ఆయనే సెలవు పెట్టాడు. పైపుల మనిషికి మంచినీళ్లిచ్చాడు, సిమెంటు తెచ్చాడు, దుమ్ము తుడిచాడు, ఆ దుమ్ము మళ్లీ పడితే మళ్లీ తుడిచాడు. రెండోసారి తుడిచిన దుమ్ము మూడోసారి కూడా పడుతుందని ఆయనకి అప్పటిదాకా తెలియదు. పట్టు జాకెట్టుకి కొత్త గుడ్డ తేవడానికి తనే వెళ్లి, రంగు కలవక మూడుసార్లు తిరిగాడు.

కప్పు పొడిగా ఆరిన రోజున ఆమె దుకాణం నుంచి వస్తూ నేరుగా దర్జీ అక్క ఇంటికి వెళ్లింది. బట్టలు మళ్లీ బల్ల మీదికి చేరాయి. మంచం మళ్లీ మంచమైంది. దర్జీ అక్క ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, తను టీ పెట్టి తెచ్చింది. ఎవరో పెట్టిన టీ వేడిగా ఉండగానే తాగడం ఎంత బావుంటుందో ఆమె చాలా ఏళ్ల తర్వాత తెలుసుకుంది. పై ఇంట్లో గిన్నెల చప్పుడవుతోంది. ఆయన వంటింట్లో ఏదో వెతుక్కుంటున్నాడు. ఆమె లేవలేదు.

"మీవారు ఏమంటున్నారు చెల్లెమ్మా?" అంది దర్జీ అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఏమంటారక్కా? పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నానే, ఎంత చేసినా తరగడం లేదు, చేసింది ఎవరికీ కనబడ్డం లేదు, ఇదేం బతుకే అంటున్నారు."

"అయ్యో. మరి నువ్వేమన్నావు?"

ఆమె కప్పులో మిగిలిన చివరి గుక్క తాపీగా తాగింది.

"కొన్నాళ్లకి అలవాటైపోతుందిలెండి అన్నాను."